లివిన్యోలో మొదటి స్కీ సెలవు: సొరంగం నుంచి కస్టమ్స్ దాకా

లివిన్యో వెళ్దామనుకునే మనవాళ్ళు నాకు ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది అక్కడ పెర్ఫ్యూమ్ ఎంత చౌక, పెట్రోల్ ఎంత చౌక అనే. స్కీ నేర్చుకోవడం సంగతి ఎప్పుడో చివర్లో వస్తుంది, అదీ "పిల్లలకి అక్కడ ఎవరో ఒకరు నేర్పిస్తారుగా" అన్నట్టు. మేము మ్యూనిక్‌లో ఉంటాం. ఇప్పటికి నాలుగు చలికాలాలు అక్కడికి వెళ్ళొచ్చాం. మొదటిసారి మేమూ ఇదే లెక్కతో వెళ్ళి, ఆరు రోజుల్లో ఒక రోజు దారిలో, రెండు రోజులు షాపుల్లో పోగొట్టుకున్నాం. మా అబ్బాయికి స్కీల మీద ధైర్యంగా నిలబడటం వచ్చిన రోజే మేం తిరుగు ప్రయాణం. వాడు కార్లో కూర్చుని కొండవైపే చూస్తుంటే నాకు చాలా బాధేసింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను: రోజుల్ని స్కీకి ఉంచుకోండి, కొనుగోళ్ళకి ఒక్క సాయంత్రం చాలు.

ముందు ఊరి సంగతి. లివిన్యో ఇటలీలోనే ఉంది, లొంబార్డీ ప్రాంతం ఉత్తరపు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దుని ఆనుకుని, 1816 మీటర్ల ఎత్తులో ఉన్న పొడవాటి లోయ. దీన్ని చిన్న టిబెట్ అని ముద్దుగా పిలుస్తారు, జనవరిలో పొద్దున్నే మైనస్ 15 డిగ్రీలు మామూలే కాబట్టి ఆ పేరు దీనికి తగిందే. పాతకాలంలో మంచు పడితే నెలల తరబడి బయటి ప్రపంచంతో రాకపోకలు ఉండేవి కావు, అలాంటి చోట మనుషులు నిలిచి బతకాలంటే పన్నులు లేకుండా చూడాలని నెపోలియన్ కాలంలోనే మినహాయింపు ఇచ్చారు, తర్వాత ఆస్ట్రియా పాలకులు దాన్ని కొనసాగించారు, 1910లో ఇటలీ చట్టం చేసి ఖాయం చేసింది. ఈరోజుకీ ఈ ఊరు యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ పరిధికి బయటే ఉంది. అందుకే ఇటలీలో ఉన్నా ఇక్కడ వ్యాట్ లేదు, ఊరు దాటేటప్పుడు మాత్రం కస్టమ్స్ ఉంటుంది. ఈ రెండో ముక్క చాలామందికి తిరిగొచ్చేటప్పుడు గానీ తెలియదు.

2026 ఫిబ్రవరి వింటర్ ఒలింపిక్స్‌లో స్నోబోర్డ్, ఫ్రీస్టైల్ స్కీ పోటీలు ఇక్కడే జరిగాయి కాబట్టి ఇది పెద్ద ఆటగాళ్ళ ఊరేమో అని భయపడకండి. లోయకి ఒక పక్క కారోసెల్లో 3000, ఇంకో పక్క మొత్తొలీనో, రెండూ కలిపి 115 కిలోమీటర్ల దాకా స్కీ దారులున్నాయి. కానీ మీలాంటి కొత్తవాళ్ళకి కావాల్సినవి ఊరిని ఆనుకుని, లోయ అడుగునే, చిన్న చిన్న లిఫ్టులతో ఉన్న మెత్తటి వాలులు. ఇంటి నుంచి నడిచి వెళ్ళి నేర్చుకోవచ్చు. మొదటిసారికి ఈ ఊరినే ఎంచుకోమని చెప్పడానికి నాకున్న అసలు కారణం ఇదే, డ్యూటీ ఫ్రీ కాదు.

దారి

ఇక్కడ తప్పు చేస్తే ఒక రోజు పోతుంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వైపు నుంచి కారులో వచ్చేవాళ్ళకి చలికాలంలో దారి ముంట్ లా షెరా సొరంగమే. మ్యూనిక్ నుంచైతే గార్మిష్, ఫెర్న్‌పాస్, లాండెక్ మీదుగా వచ్చి, మార్టీనా దగ్గర స్విట్జర్లాండ్‌లోకి దిగి, ఇన్ నది వెంట త్సెర్నెత్స్ దాకా వెళ్ళి, అక్కడ ఓఫెన్‌పాస్ రోడ్డు ఎక్కాలి. ట్రాఫిక్ లేకపోతే అయిదు గంటలు అనుకోండి. ఆస్ట్రియాలో ఆటోబాన్ (మోటర్‌వే) ఎక్కితే విన్యెట్, అంటే రోడ్డు రుసుము స్టిక్కర్, కావాలి. స్విట్జర్లాండ్‌లో ఈ దారిలో మోటర్‌వే రాదు కాబట్టి అక్కడి 40 ఫ్రాంకుల విన్యెట్ అక్కర్లేదు. జూరిక్ వాళ్ళకి మాత్రం అది కావాలి, పైగా ఫ్లూఎలా పాస్ చలికాలంలో మూసేస్తారు కాబట్టి క్లోస్టర్స్ దగ్గర కారుని రైలెక్కించి వెరైనా సొరంగం దాటాలి. కార్లోనే కూర్చుంటారు, పద్దెనిమిది నిమిషాల్లో అవతల దిగుతారు, పిల్లలకి అదో సరదా.

ముంట్ లా షెరా సొరంగం దాదాపు 3.4 కిలోమీటర్లు, ఒకే వరస. 1960ల్లో ఆనకట్ట కట్టడానికి సామాన్లు తీసుకెళ్ళేందుకు తవ్వింది అది, మామూలు రోడ్డు సొరంగంలా వెడల్పుగా ఉంటుందనుకోవద్దు. ఒకసారికి ఒక వైపు బళ్ళే వెళ్తాయి, ఎర్ర లైటు పడితే ఆగాలి, టోల్ కట్టాలి. టికెట్ ఆన్‌లైన్లో ముందే కొనుక్కుంటే తక్కువ పడుతుంది. లోపల గోడలు మరీ దగ్గరగా ఉంటాయి, ముందు కారు వెనక లైట్లు తప్ప ఏమీ కనబడవు, పిల్లలు కూడా మాటలు ఆపేస్తారు. ఆ చీకట్లోంచి ఉన్నట్టుండి ఆనకట్ట మీదకి వచ్చేస్తారు, ఎడమా కుడీ చూసేలోపే గడ్డకట్టిన సరస్సు, దాని చుట్టూ తెల్లటి కొండలు. ఆ ఒక్క నిమిషం కోసం కిటికీ అద్దాలు శుభ్రంగా తుడిచి ఉంచుకోండి.

ఇబ్బందంతా శనివారాలతోనే. అపార్ట్‌మెంట్లన్నీ శనివారం నుంచి శనివారానికి అద్దెకిస్తారు, అందుకని ఊళ్ళోవాళ్ళంతా బయటికి, బయటివాళ్ళంతా లోపలికి ఒకే రోజు కదులుతారు. రద్దీ వారాల్లో శనివారం సొరంగంలో ఒక్కో వైపుకి వేళలు పెడతారు, ఆ వేళ కాకుండా వెళ్తే ఎంతసేపైనా ఆగాల్సిందే. మొదటిసారి మేము రెండు గంటలకి పైగా క్యూలో ఉన్నాం, అయిదేళ్ళ పిల్లాడితో, టాయిలెట్ లేని చోట. కాబట్టి బయలుదేరే ముందు రోజు రాత్రి సొరంగం వేళలు చూసుకోండి, త్సెర్నెత్స్‌లో ఆగి పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్ళండి, తినడానికి ఏదైనా చేతికందేలా పెట్టుకోండి. ఇంకా మంచిది ఆదివారం నుంచి గానీ, వారం మధ్యలో గానీ అద్దెకిచ్చే ఇల్లు వెతుక్కోవడం. ఉంటాయి, కొంచెం వెతకాలి అంతే.

మిలాన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి సొరంగం గొడవ లేదు. సోంద్రియో, తిరానో, బోర్మియో మీదుగా వచ్చి 2291 మీటర్ల ఫొస్కాన్యో కనుమ దాటాలి, అది చలికాలమంతా తెరిచే ఉంచుతారు, మరీ తుఫాను రోజుల్లో తప్ప. మిలాన్ నుంచి నాలుగు గంటలు పడుతుంది. కారు లేకపోతే మిలాన్ సెంట్రల్ నుంచి తిరానో దాకా రైలు, అక్కడ్నించి బస్సులు. మ్యాప్‌లో బెర్నీనా వైపు నుంచి ఫోర్కొలా ది లివిన్యో అని ఒక దగ్గర దారి కనబడుతుంది, దాన్ని నమ్మొద్దు, మంచుకాలంలో మూసే ఉంటుంది. ఏ దారిలో వచ్చినా కారుకి వింటర్ టైర్లు తప్పనిసరి అనుకోండి, డిక్కీలో గొలుసులు కూడా వేసుకోండి. ఆ గొలుసులు ఎలా తొడగాలో ఇంటి దగ్గర పొడి నేల మీద ఒకసారి చేసి చూసుకోండి, రాత్రిపూట మంచులో చేతులు మొద్దుబారాక నేర్చుకునే పని కాదు అది.

ఇంకో రెండు విషయాలు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి మీ జర్మన్ సిమ్‌కి అక్కడ రోమింగ్ బిల్లు పడే అవకాశం ఉంది, మార్టీనా దాటగానే డేటా ఆపేసి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. షెంగెన్ వీసాకి మాత్రం ఈ దేశాలన్నీ ఒకటే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకొస్తుంటే వాళ్ళ పాస్‌పోర్టులు ఇంట్లో బీరువాలో కాకుండా కార్లో ఉండాలి. లండన్ నుంచి వచ్చేవాళ్ళకి ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసా కావాలి, చలికాలం అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, సెప్టెంబరులోనే మొదలుపెట్టండి.

ఎప్పుడు, ఎక్కడ

సీజన్ నవంబరు చివర నుంచి దాదాపు మే మొదటి రోజు దాకా నడుస్తుంది, ఇంత ఎత్తులో ఉండటం వల్ల వచ్చిన లాభం అది. క్రిస్మస్ వారం, ఫిబ్రవరి స్కూలు సెలవులు బాగా ఖరీదు, బాగా రద్దీ. స్కూలుకి వెళ్ళే పిల్లలు లేకపోతే జనవరి మధ్యలోగానీ మార్చి చివర్లోగానీ వెళ్ళండి. పిల్లలుంటే ఈస్టర్ సెలవులు చూడండి, ఎండ బాగుంటుంది, చలి తక్కువ, చిన్నపిల్లలకి అదే హాయి. సీజన్ మొదట్లో, చివర్లో కొన్ని హోటళ్ళు, అపార్ట్‌మెంట్లు నాలుగైదు రాత్రులు ఉంటే స్కీపాస్ (లిఫ్టులెక్కే టికెట్) ఉచితంగా ఇస్తాయి, బుక్ చేసేటప్పుడు నోరు తెరిచి అడగండి.

ఊళ్ళో ఎక్కడున్నా పర్వాలేదు, బస్సులు ఉచితం. కానీ మొదటి వారానికి నా సలహా: స్కీ స్కూల్ చిన్న వాలుకి అయిదు నిమిషాల నడకలో ఉండండి. స్కీ బూట్లతో అరకిలోమీటరు నడక అంటే చిన్నపిల్లలకి కొండెక్కినంత పని, ఆ బరువంతా చివరికి మీ భుజాల మీదకే వస్తుంది.

బూట్లు, బట్టలు

మీ వారమంతా బాగుండాలా లేదా అన్నది నిర్ణయించేది బూట్లు. స్కీలు కాదు, జాకెట్ కాదు. మొదటి ఏడాది నేను "కొంచెం వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది" అనుకుని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. మూడో రోజుకి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. లోపల పాదం కదులుతుంటే ప్రతి మలుపులో వేళ్ళు వెళ్ళి ముందు గోడకి కొట్టుకుంటాయి, అదీ సంగతి. సరైన బూటు ఎలా ఉంటుందంటే, నిటారుగా నిలబడితే వేళ్ళ చివర్లు ముందు తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచి ముందుకి వాలగానే వేళ్ళు వెనక్కి జరిగి ఖాళీ రావాలి, మడమ మాత్రం అస్సలు పైకి లేవకూడదు. దుకాణంలోనే పది నిమిషాలు తొడుక్కుని నిలబడండి. సాక్సు ఒకటే, పల్చటిది, మోకాలి దాకా వచ్చేది. చలి కదా అని రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి, మడతలు పడ్డచోట బొబ్బలొస్తాయి.

అద్దె దుకాణంలో బరువు, ఎత్తు, వయసు అడుగుతారు. బరువు నిజం చెప్పండి. సిగ్గుపడి అయిదు కిలోలు తగ్గించి చెప్తే బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) వదులుగా బిగిస్తారు, అది అక్కర్లేనప్పుడు ఊడిపోతుంది. పిల్లలకి ఎదుగుతారని పెద్ద సైజు తీసుకునే అలవాటు మనకుంది, ఇక్కడ ఆ అలవాటు పక్కన పెట్టండి. కొత్తవాళ్ళకి స్కీ పొడవు గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉంటే చాలు.

హెల్మెట్ తప్పనిసరి. ఇటలీలో 2025 నవంబరు నుంచి అన్ని వయసులవాళ్ళకీ చట్టమే ఉంది. ఇంకోటి, ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే బీమా కూడా 2022 నుంచి స్కీ చేసే ప్రతివాళ్ళకీ ఉండాలి. జర్మనీలో ఉండేవాళ్ళ దగ్గర హాఫ్ట్‌ఫ్లిష్ట్ (ఇలాంటి పరిహారపు బీమా) ఉంటుంది కదా, అందులో స్కీ, ఇటలీ రెండూ వస్తాయేమో చూసుకుని ఆ కాగితం ఫోన్‌లో పెట్టుకోండి. లేనివాళ్ళు స్కీపాస్‌తో పాటు రోజువారీ బీమా కొనుక్కోవచ్చు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ వీసా బీమాలో చలికాలపు ఆటలు సాధారణంగా ఉండవు, వాళ్ళు స్కీ చేస్తానంటే విడిగా తీసుకోండి.

బట్టలు అన్నీ కొనక్కర్లేదు. లోపల ఒంటికి పట్టే థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన తడవని జాకెట్, ప్యాంటు. జీన్స్ వద్దు, కాటన్ బనియన్ కూడా వద్దు, చెమట పడితే ఆరదు, ఆగినప్పుడల్లా వణికిస్తుంది. జాకెట్లు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు, గ్లవ్స్ మాత్రం మంచివి కొనండి. కొత్తవాళ్ళు రోజుకి ఇరవైసార్లు మంచులో చేతులానించి లేస్తారు, పల్చటి గ్లవ్స్ మొదటి గంటకే తడిసిపోతాయి. మంచు మీద పడ్డ ఎండ చాలావరకు తిరిగి మొహం మీదకే కొడుతుంది. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయండి, మన చామనఛాయ ఒంటికి ఎండ కాలదనుకోవడం పొరపాటు.

మొదటి మూడు రోజులు

క్లాసు తప్పకుండా తీసుకోండి. భర్త భార్యకి, అన్న తమ్ముడికి నేర్పిద్దామని మొదలుపెట్టిన ప్రతిచోటా కోపాలు తప్ప ఏమీ రాలేదు, మా ఇంట్లో కూడా. ఇంగ్లీషు వచ్చిన మాస్టారు కావాలని ముందే చెప్పి బుక్ చేసుకోండి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కలిస్తే ప్రైవేటు క్లాసు ఖర్చు పంచుకోవచ్చు, పిల్లలకి మాత్రం గ్రూపే మేలు, పక్కపిల్లలు చేస్తుంటే చూసి చేసేస్తారు. మొదటి రెండు రోజులకి కొండ మొత్తం తిరిగే ఖరీదైన స్కీపాస్ కొనొద్దు. నేర్చుకునే చిన్న లిఫ్టులకి విడిగా టికెట్ ఎలాగో స్కూల్ వాళ్ళనే అడగండి.

స్కీ తొడుక్కోవడమే మొదటి పాఠం. బూటు అడుగున మంచు గట్టిగా అంటుకుని ఉంటుంది, దాన్ని కర్రతో కొట్టో, స్కీ బైండింగ్ అంచుకి గీకో రాల్చాలి. ముందు వేళ్ళవైపు పెట్టి, తర్వాత మడమ నొక్కితే "ఠక్" మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాకపోతే అడుగున ఇంకా మంచు ఉన్నట్టే, బలంగా తొక్కడం కాదు, మళ్ళీ గీకండి. వాలు మీద ఉన్నప్పుడు ఎప్పుడూ కింది వైపు కాలికే ముందు తొడగండి, స్కీలు వాలుకి అడ్డంగా ఉండాలి.

ఆపడానికి స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక భాగాలు దూరంగా, పిజ్జా ముక్కలా పెట్టమంటారు. చెప్పినంత తేలిక్కాదు, ఎందుకంటే భయం వేయగానే ఒళ్ళు వెనక్కి వాలుతుంది. గోదావరి గట్టు మీద నుంచి సైకిల్ బ్రేకు పట్టకుండా దిగినప్పుడు వెనక్కి లాగి కూర్చుంటామే, సరిగ్గా అలాగే. స్కీలో వెనక్కి వాలితే అవి ఇంకా వేగం అందుకుంటాయి, ముందు భాగం మీద బరువు లేక చెప్పినమాట వినవు. కాబట్టి ఎంత భయమేసినా మోకాళ్ళు వంచి, మోకాలి కింద ముందువైపు ఎముక బూటు నాలుకకి ఆనేలా ముందుకే వాలండి. చేతులు కాఫీ ట్రే పట్టుకున్నట్టు ముందుకి ఉంచితే ఒళ్ళు దానంతటదే ముందుకొస్తుంది, ఈ చిట్కా మా మాస్టారు చెప్పింది, ఆ రోజుతో నాకు స్కీ వచ్చింది. మలుపు ఆ తర్వాత: కుడికాలి మీద బరువేస్తే ఎడమకి తిరుగుతుంది, ఎడమకాలి మీదైతే కుడికి. చూపు స్కీల మీద కాదు, ఎక్కడికి వెళ్ళాలో అక్కడ.

పడతారు, అందరూ పడతారు. పడబోతుంటే పక్కకి, పిరుదు మీదకి పడండి. లేచేటప్పుడు ముందు స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, మీకన్నా కిందవైపు ఉండేలా తిప్పుకోవాలి, లేకపోతే లేస్తూనే జారిపోతారు. రాకపోతే పైవైపు స్కీ ఒకటి విప్పేసి లేవండి, ఏ తప్పూ లేదు. తాడు లిఫ్టు మీద మాత్రం కూర్చోకండి, అది లాగుతుంది, మోయదు. నిలబడి, కాళ్ళు సమంగా ఉంచి లాగనివ్వండి.

దారుల రంగులు ఇటలీలో నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. నీలంలో మూడుసార్లు పడకుండా దిగేదాకా ఎరుపు వైపు చూడొద్దు. ఎవరైనా "ఏం కాదు రా" అని పైకి లాక్కెళ్తే దిగలేక ఏడుస్తూ కూర్చున్నవాళ్ళని నేను చూశాను. మీ ముందు, కింద ఉన్నవాళ్ళకే ఎప్పుడూ దారి హక్కు, వెనక నుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి. ఆగాలంటే అంచున ఆగండి, మలుపు కిందో గుట్ట కిందో కనబడని చోట కాదు. ఎమర్జెన్సీకి నంబరు 112. ఫోన్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది.

మూడో రోజు మధ్యాహ్నం అందరికీ కాళ్ళు పట్టేస్తాయి. దెబ్బలు ఎక్కువగా తగిలేది కూడా అలసిపోయాక "ఇంకొక్క రౌండ్" అన్నప్పుడే. ఆ పూట ఆపేయండి.

స్కీ చేయనివాళ్ళు, వంట

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆమెనీ తీసుకెళ్ళాం. లోయ అడుగున వాగు వెంట చదునైన నడక దారి ఉంది, మధ్యమధ్య బెంచీలు, ఎక్కడ అలసిపోతే అక్కడ ఉచిత బస్సు ఎక్కేయొచ్చు. స్కీ చేయకుండా గొండోలా (కొండ మీదకి తీసుకెళ్ళే కేబుల్ కారు) ఎక్కేవాళ్ళకి విడిగా టికెట్ ఉంటుంది, ఎండ రోజు చూసి పైకి తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళకి చెప్పులకో స్నీకర్లకో తొడిగే ముళ్ళ పట్టీలు దొరుకుతాయి, ఊళ్ళోకి రాగానే ముందు అవి కొనండి. మా అమ్మ అవి వేసుకుని, శాలువా పైన నా జాకెట్ తొడుక్కుని రోజూ పిల్లాడి క్లాసు అయ్యేదాకా గట్టు మీద నిలబడి చూసేది.

వంట చేసుకునేలా అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, కందిపప్పు, కారం, చింతపండు, ఆవకాయ సీసా ఇంటి నుంచే తెచ్చుకోండి. కుక్కర్ తప్పకుండా తేవాలి. 1800 మీటర్ల ఎత్తులో నీళ్ళు దాదాపు 94 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి ఉందేమో ఇంటివాళ్ళని అడగండి, ఉంటే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలుది కావాలి. సాయంత్రం తడి గ్లవ్స్ రేడియేటర్ మీద ఆరేసి, చారూ అన్నం వేడివేడిగా తింటే ఆ అలసటకి అదే మందు.

బయట తింటే శాకాహారులకి ఇబ్బంది లేదు. పిత్సొక్కెరి అని ఈ ప్రాంతపు వంటకం, కుట్టు (బక్‌వీట్) పిండితో చేసిన పట్టీల్లాంటి పాస్తాని బంగాళాదుంప, క్యాబేజీ, చీజ్, వెన్నతో కలుపుతారు. బాగా బరువు, ఇద్దరికి ఒక ప్లేటు చాలు. ష్యాత్ అని ఇంకోటి, కుట్టు పిండిలో చీజ్ ముక్క ముంచి నూనెలో వేయిస్తారు, చూడటానికి అచ్చం మన పునుగుల్లానే ఉంటాయి, పిండిలో గ్రాప్పా సారా కొంచెం కలుపుతారు కాబట్టి వద్దనుకునేవాళ్ళు అడగండి. బ్రెజావొలా మాత్రం ఎండబెట్టిన గొడ్డుమాంసం, సలాడ్ మీద పల్చగా పరిచి ఇస్తారు, తిననివాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

కొనుగోళ్ళు, కస్టమ్స్

ఇక అందరూ ఎదురుచూసే భాగం. లెక్క ఇలా వేసుకోండి. ఇటలీలో వ్యాట్ 22 శాతం, అంటే 122 యూరోల వస్తువులో పన్ను 22. అది తీసేస్తే 100, నికరంగా మిగిలేది 18 శాతం. బట్టలు, కళ్ళజోళ్ళు, ఎలక్ట్రానిక్స్ ఏవైనా ఇంతకి మించి తగ్గవు, ఆన్‌లైన్ డిస్కౌంట్లో మీ ఇంటి దగ్గరే అంతకన్నా చౌకగా రావచ్చు. కొనే ముందు ఫోన్‌లో ధర చూసుకోండి. నిజంగా తేడా కనబడేది వ్యాట్‌తో పాటు ఎక్సైజ్ పన్ను కూడా ఉండే సరుకుల మీద: పెట్రోలు, డీజిల్, మద్యం, సిగరెట్లు. పెర్ఫ్యూముల్లో కొన్ని బాగుంటాయి, కొన్ని కావు. వ్యాట్ అసలే వేయరు కాబట్టి ట్యాక్స్ ఫ్రీ కాగితం, రీఫండ్ అనేవి ఇక్కడ ఉండవు, విమానాశ్రయంలో వెతుక్కోవద్దు.

ఊరు దాటేటప్పుడు పరిమితులు మనిషికి ఇంత అని ఉంటాయి. ఫొస్కాన్యో దగ్గర ఇటలీ కస్టమ్స్ లెక్క: వస్తువులు మనిషికి 300 యూరోల దాకా, పదిహేనేళ్ళలోపు పిల్లలకి 150. మద్యం 22 శాతం దాటి ఘాటైనదైతే ఒక లీటరు, లేదా 22 లోపుదైతే రెండు లీటర్లు, వాటికి తోడు మామూలు వైన్ నాలుగు లీటర్లు, బీరు పదహారు లీటర్లు. పదిహేడేళ్ళలోపువాళ్ళకి మద్యం, పొగాకు లెక్కలోకే రావు. సొరంగం వైపు వెళ్తే ముందు స్విస్ కస్టమ్స్, అక్కడ 2025 నుంచి మనిషికి 150 ఫ్రాంకులే. మద్యం 18 శాతం పైనదైతే ఒక లీటరు, ఆ లోపుదైతే అయిదు లీటర్లు. మాంసం మనిషికి ఒక కిలో. అక్కడ్నించి ఆస్ట్రియాలోకి వెళ్ళేటప్పుడు మళ్ళీ యూరోపియన్ యూనియన్ 300 యూరోల లెక్క. మ్యూనిక్ వాళ్ళు రెండు కస్టమ్స్‌లూ దృష్టిలో పెట్టుకుని కొనాలి.

చాలామంది పొరపడేది ఇక్కడ: 400 యూరోల వాచీ ఒకటి కొని, మేమిద్దరం ఉన్నాంగా, చెరో రెండొందలు అంటే కుదరదు. ఒక్క వస్తువుని పంచడానికి లేదు, పరిమితి దాటితే ఆ వస్తువు మొత్తం విలువ మీదా పన్ను కట్టాలి. కట్టాల్సింది ఉంటే మీరే ఆగి చెప్పండి. డిక్కీ తెరిపించాక చెప్పడం వేరు, ముందే చెప్పడం వేరు. బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి ముందు సీటు దగ్గర ఉంచుకోండి. ఇంటి నుంచి తెచ్చిన ఖరీదైన కెమెరా, లాప్‌టాప్ బిల్లుల ఫోటో కూడా ఫోన్‌లో ఉంచుకుంటే అక్కడ కొన్నారన్న అనుమానం రాదు.

విమానంలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. లివిన్యోలో కొన్న సీసా ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీ సీసా కాదు, సీలు వేసిన సంచీ ఉన్నా చేతి బ్యాగులో రానివ్వరు. 100 మిల్లీలీటర్లు దాటిన పెర్ఫ్యూమ్ కూడా అంతే. రెండూ చెక్-ఇన్ సూట్‌కేసులో, థర్మల్స్ మధ్య చుట్టి పెట్టండి.

ఈ పనంతా నాలుగో సాయంత్రమో అయిదో సాయంత్రమో చేయండి, లిఫ్టులు ఆగిపోయాక, దుకాణాలు తెరిచే ఉంటాయి. వచ్చేటప్పుడు ట్యాంకు దాదాపు ఖాళీగా వచ్చేలా చూసుకుని, వెళ్ళే ముందు రోజు రాత్రే నింపేయండి, పొద్దున బంకుల దగ్గర వరస ఉంటుంది. అద్దె స్కీలు తిరిగివ్వడానికి చివరి రోజు మధ్యాహ్నం దాకా ఒప్పుకుంటారేమో కూడా ముందే కనుక్కోండి. ఒప్పుకుంటే పొద్దున లిఫ్టు తెరవగానే వెళ్ళి, వాలు మీద ఇంకా ఎవరి గీతా పడకముందే పిల్లలతో నాలుగు రౌండ్లు వేసి రావచ్చు.